పావెల్ శిష్యులు: మద్రాసు ఉన్నత పాఠశాల తొలి ప్రతిభావంతులు చేరిన గమ్యాలు

విద్యాసంస్థల చరిత్రలు మనకు చాలానే ఉన్నాయి. పునాదిరాయి ఏ సంవత్సరంలో వేశారు, ఏ గవర్నరు ప్రారంభోత్సవం చేశాడు, ప్రధానాచార్యుల వరుస ఏమిటి, భవనం ఎవరి నమూనా ప్రకారం కట్టారు వంటి వివరాలతో అవి నిండి ఉంటాయి. అయితే ఆ సంస్థలో అందరికంటే మిన్నగా చదివి, మొదటి వరుసలో ఉత్తీర్ణులైనవారు ఆ తరువాత ఎటు వెళ్ళారన్న ప్రశ్నకు వాటిలో దక్కే చోటు తక్కువ. మహా అయితే అనుబంధంలో ఒక పేర్ల పట్టిక ఉంటుంది. నిజానికి చరిత్ర విద్యార్థికి ఆ పట్టికే అత్యంత విలువైన ఆధారం. ఒక కాలం చదువును ఎంతగా కోరుకుందో పాఠ్యప్రణాళిక తెలుపుతుంది. ఆ చదువుతో ఏం చేయనిచ్చిందో మాత్రం విద్యార్థులు చేరిన గమ్యాలే తెలుపుతాయి.

ఈ దృష్టితో పరిశీలించదగిన సంస్థలలో 1841లో మద్రాసులో ఆరంభమైన ఉన్నత పాఠశాల ముఖ్యమైనది. అదే తరువాత ప్రెసిడెన్సీ కళాశాలగా రూపొందింది. నాటి మద్రాసు రాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగం కాబట్టి ఆ పాఠశాల చరిత్రలో తెలుగువారి చరిత్ర కూడా కొంత కలిసి ఉంది. అక్కడి నుంచి మొదటి పది పన్నెండేళ్ళలో వెలువడిన కొద్దిమంది విద్యార్థులు దక్షిణ భారతదేశ పరిపాలనా చరిత్రనే మలుపు తిప్పారు. విశేషమేమంటే, వారిలో అగ్రగణ్యులు తమకు చదువు చెప్పించిన ప్రభుత్వంలో గాక, ఆ ప్రభుత్వపు సరిహద్దులకు వెలుపల ఉన్న దేశీయ సంస్థానాలలో తమ శక్తిని చూపవలసి వచ్చింది. అలా ఎందుకు జరిగిందో, దానివల్ల ఎవరికి ఏమి ఒనగూడిందో తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠశాలకు పూర్వం

ఇంగ్లీషు నేర్చిన భారతీయులు 1841కి ముందు లేకపోలేదు. వారు నేర్చుకున్న పద్ధతి వేరు. వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ. ఆయన కంపెనీ ఉద్యోగుల వద్ద పనిచేస్తూ, ఒక కచేరీ నుంచి మరొక కచేరీకి మారుతూ ఇంగ్లీషులో పట్టు సాధించి, చివరకు మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడయ్యాడు. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా నాటి బడులలో బోధన ఎంత లోపభూయిష్ఠంగా ఉందో 1820లో వివరించాడు. ఇంగ్లీషులో ఆయన రాసుకున్న స్వీయచరిత్రను 1873లో ఆయన కుమారుడు ప్రచురించాడు. ఆయన సమకాలికుడు ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830–31లో చేసిన యాత్రను వర్ణించిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. తెలుగు వచనానికి అది పెన్నిధి.

వీరిద్దరూ అసాధారణ ప్రజ్ఞావంతులే. అయినప్పటికీ వారి ఉద్యోగం ఒకరి మాటను మరొకరికి చేరవేయడం దగ్గరే ఆగింది. తీర్పు చెప్పేవాడు, పన్ను నిర్ణయించేవాడు, ఆజ్ఞ జారీ చేసేవాడు వేరొకడు. భాష తెలిసినవాడికి నాడు దొరికిన అత్యున్నత స్థానం అధికారి పక్కన నిలబడే స్థానమే.

ఈ లోపాన్ని గుర్తించిన పాలకుడు లేకపోలేదు. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఏడేళ్ళు పనిచేసి, 1820లో మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా పాఠశాలల సర్వే జరిపించాడు. 1824 డిసెంబరు 31 నాటి తన మినిట్‌లో ఆయన ఒక మౌలిక విషయం ప్రస్తావించాడు. కేవలం గ్రంథపఠనం ఒక జాతి శీలాన్ని ఉన్నతం చేయజాలదనీ, సంపదకూ గౌరవానికీ ప్రభుత్వోద్యోగానికీ దారి తీసినప్పుడే చదువు ఆ పని చేయగలదనీ ఆయన అభిప్రాయం. 1826లో ప్రజావిద్యా సంఘాన్ని నియమించి, కలెక్టరేట్లలోనూ తాలూకాలలోనూ బడులు తెరిపించాడు. మరుసటి ఏడు పత్తికొండ వద్ద కలరాతో ఆయన మరణించాడు. ఆయన బడులను ప్రభుత్వం 1836లో మూసివేసింది. ఆయన లేవనెత్తిన విషయం మాత్రం సజీవంగా నిలిచింది: చదివించడమంటూ జరిగితే, చదివినవాడికి ఏ తలుపు తెరుస్తారు?

70 వేల సంతకాలు

1839 నవంబరులో మద్రాసు పౌరులు గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు ఒక మహజరు సమర్పించారు. దానిపై సుమారు 70 వేల సంతకాలు ఉన్నాయి. ఇంగ్లీషు విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయాలన్నది అందలి కోరిక. అడ్వొకేట్ జనరల్ జార్జి నార్టన్ ఈ ఉద్యమానికి అండగా నిలిచాడు. కొద్ది వారాలకే ఎల్ఫిన్‌స్టన్ విశ్వవిద్యాలయ స్థాపనను ప్రతిపాదిస్తూ మినిట్ రాశాడు. ‘యూనివర్సిటీ’ అన్న పేరు ఘనంగా ఉన్నా మొదట ఏర్పడినది 1840లో ఒక సన్నాహక పాఠశాల, 1841 ఏప్రిల్‌లో ఉన్నత పాఠశాల మాత్రమే. కళాశాల విభాగానికి చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది. 1855లో అది ప్రెసిడెన్సీ కళాశాల అయింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం చట్టబద్ధంగా ఏర్పడింది.

ఈ పాఠశాలకు కేంబ్రిడ్జిలో గణితశాస్త్రంలో రాంగ్లరుగా నిలిచిన అయిర్ బర్టన్ పావెల్ ప్రధానాచార్యుడుగా వచ్చాడు. 1862లో ప్రజావిద్యాశాఖాధిపతి అయ్యేవరకు ఆయన జీవితం ఈ సంస్థతోనే పెనవేసుకుపోయింది. ఆయన కేవలం ఉపాధ్యాయుడు కాదు, స్వయంగా ఖగోళ పరిశీలకుడు. మద్రాసు ఆకాశంలోని జంటనక్షత్రాలపై ఆయన జరిపిన పరిశీలనలు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ప్రచురణలలో వెలువడ్డాయి. గణితం, ప్రకృతిశాస్త్రం, ఖగోళం, ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర, తత్త్వం ఆయన శిష్యుల అధ్యయన విషయాలు. వంగ మహాకవి మైకేల్ మధుసూదన దత్తు కూడా మద్రాసులో ఉన్నకాలంలో, 1852 నుంచి కొన్నేళ్ళపాటు ఈ పాఠశాలలో అధ్యాపకుడుగా ఉన్నాడు.

పట్టాలిచ్చే విశ్వవిద్యాలయం ఇంకా లేనందున, చదువు ముగించి కఠిన పరీక్షలో నెగ్గినవారికి ‘ప్రొఫిషియెంట్’ అనే బిరుదు ఇచ్చేవారు. దీనిని ప్రావీణ్య పట్టం అనవచ్చు. ఏటా ఆ గౌరవం పొందినవారు వేళ్ళమీద లెక్కించదగినంతమందే. సి.వి. రంగనాథశాస్త్రి, టి. మాధవరావు, వి. రామయ్యంగారు, ఎ. శేషయ్యశాస్త్రి ఆ తొలి వరుసకు చెందినవారు.

తెరచిన బడి, మూసిన తలుపు

ఈ యువకులు బయటకు వచ్చేనాటికి కంపెనీ ప్రభుత్వంలో వారికి అందుబాటులో ఉన్నదేమిటో చూడాలి. 1793 చార్టర్ చట్టం ప్రకారం ప్రధాన పదవులన్నీ ఒడంబడిక సివిల్ సర్వీసుకు ప్రత్యేకమైనవి. ఆ సర్వీసులో ప్రవేశం ఇంగ్లాండులోని కంపెనీ డైరెక్టర్ల నామినేషన్లపైనా, హెయిలీబరీ కళాశాల శిక్షణపైనా ఆధారపడి ఉండేది. మతం, జన్మస్థానం, వంశం, వర్ణం కారణంగా ఏ భారతీయుడినీ ఏ పదవికీ అనర్హుడిగా చూడరాదని 1833 చట్టం 87వ సెక్షన్ శాసించింది. అయినా నామినేషను చేసే చేతులు మారలేదు కాబట్టి ఆ సెక్షన్ కాగితానికే పరిమితమైంది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి, ఇంగ్లీషు విద్యావంతులకు ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యం ఇస్తామన్నాడు. అది కూడా కింది స్థాయి ఉద్యోగాలకే వర్తించింది. 1853లో పోటీపరీక్ష పద్ధతి వచ్చింది. పరీక్ష మాత్రం లండన్‌లో. సత్యేంద్రనాథ ఠాకూరు 1863లో నెగ్గేవరకు ఏ భారతీయుడూ ఆ గడప దాటలేదు.

ఈ వివక్షపై మొదట గళమెత్తినవారిలో ఒక తెలుగు వర్తకుడు ఉన్నాడు. గాజుల లక్ష్మీనరసుశెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను నెలకొల్పాడు. చార్టర్ పునరుద్ధరణకు ముందు ఆ సంఘం పార్లమెంటుకు పంపిన మహజరులో పన్నుల భారం, రైతుల దుస్థితితోపాటు విద్య విషయమూ, పరిపాలనలో భారతీయుల స్థానమూ ప్రస్తావనకు వచ్చాయి. పావెల్ పాఠశాల నుంచి ఒక వంక విద్యావంతులు వెలువడుతుండగా, మరొక వంక వారికి తగిన చోటు కావాలన్న రాజకీయ వాంఛ రూపుదిద్దుకుంటున్నదన్న మాట.

నలుగురి నాలుగు దారులు

రంగనాథశాస్త్రి చిత్తూరు సమీపంలోని ఒక గ్రామంలో సంస్కృత పండితుని ఇంట పుట్టాడు. భూమిశిస్తు బకాయికై తండ్రి జైలు పాలైనప్పుడు, పితృకార్యం జరుపుకోవడానికి ఆయనను విడిచిపెట్టమనీ, బదులుగా తాను జైలులో ఉంటాననీ బాలుడైన రంగనాథుడు జిల్లా న్యాయాధికారి కాసమేజర్‌ను వేడుకున్నాడని ఆయన చరిత్రకారులు చెబుతారు. ఆ పిల్లవాడి ధైర్యానికి మెచ్చి కాసమేజరే అతని ఇంగ్లీషు చదువుకు దారి చూపాడు. 1842లో ఉన్నత పాఠశాల ప్రావీణ్య పట్టాన్ని మొట్టమొదట అందుకున్నది రంగనాథశాస్త్రే. ఆయన బహుభాషాకోవిదుడు. దేశభాషలతోపాటు పారసీకం, అరబ్బీ, ఐరోపా భాషలూ నేర్చాడు. సుప్రీంకోర్టు అనువాదకుడుగా ఖ్యాతి పొంది, 1859లో మద్రాసు స్మాల్ కాజెస్ కోర్టు న్యాయమూర్తి అయ్యాడు. దుబాసీ స్థానం నుంచి న్యాయపీఠానికి చేరడమంటే, వీరాస్వామయ్య తరం దాటలేని హద్దును దాటడమే.

మాధవరావుది తంజావూరు మహారాష్ట్ర కుటుంబం. 1828లో కుంభకోణంలో జన్మించాడు. తండ్రి రంగారావు, తండ్రి సోదరుడు వెంకటరావు తిరువాన్కూరు దివాన్లుగా ఉన్నవారే. గణితంలోనూ ఖగోళంలోనూ ఆయనకున్న ఆసక్తి అపారం. వెదురు గొట్టాలకు మామూలు కటకాలు బిగించి దూరదర్శినులు, సూక్ష్మదర్శినులు తానే తయారుచేసుకున్నాడని జీవితచరిత్రలు పేర్కొంటాయి. 1846లో ఉన్నత గౌరవాలతో ఉత్తీర్ణుడై, కొంతకాలం పావెల్ స్థానంలో గణితం, ప్రకృతిశాస్త్రం బోధించాడు. 1847లో చేరిన ఉద్యోగం మాత్రం అకౌంటెంట్ జనరల్ కచేరీలో. గ్రహగతులు గణించగలిగిన యువకుడు జమాఖర్చుల లెక్కలకు కూర్చున్నాడు. 1849లో తిరువాన్కూరు రాకుమారులకు ఉపాధ్యాయుడు కావలసివచ్చింది. మాధవరావు వెళ్ళాడు. అక్కడినుంచి ఆయన జీవితం మరో మలుపు తిరిగింది.

శేషయ్యశాస్త్రి కూడా 1828లోనే జన్మించాడు. తంజావూరు జిల్లా వాడు. 1848లో ప్రావీణ్య పట్టం పొంది, రెవెన్యూ బోర్డు కచేరీలో చిన్న ఉద్యోగంతో ఆరంభించాడు. ఆయన అనుభవం సంపాదించినది మన తెలుగు గడ్డ మీదనే. 1851లో మచిలీపట్నం తహసీల్దారుగా వచ్చి, అదే జిల్లాలో శిరస్తాదారుగా పనిచేశాడు. ఉత్తర సర్కారుల కమిషనరు వాల్టర్ ఇలియట్ ఆయన సామర్థ్యాన్ని గుర్తించాడు. ఇనాం కమిషన్ పనిలోనూ ఆయన ఆరితేరాడు. రామయ్యంగారు కూడా మద్రాసు ప్రభుత్వంలో వివిధ శాఖలలో పనిచేసి, శాసనమండలి సభ్యుడయ్యాడు. ఎంత ఎదిగినా వీరెవరూ జిల్లా కలెక్టరు కాలేదు. కారు కూడా. కలెక్టరు కుర్చీ ఒడంబడిక సర్వీసుది. దాని ఎదుట నిలిచే శిరస్తాదారు పదవి వీరిది.

సంస్థానాల పిలుపు

మాధవరావు తిరువాన్కూరు చేరిన కొన్నేళ్ళకు ఆ సంస్థానం విపత్తులో పడింది. ఖజానా వట్టిపోయింది, ఉద్యోగులకు జీతాల బకాయిలు పేరుకుపోయాయి. దుష్పరిపాలన పేరిట విలీనం చేసుకోవడం తప్పకపోవచ్చునని 1855లో డల్హౌసీ హెచ్చరించాడు. అటువంటి సమయంలో, ముప్పై ఏళ్ళు కూడా నిండని మాధవరావుకు 1857లో దివానుగిరీ బాధ్యత వచ్చింది. 1872 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నాడు. 1860లో మిరియాల గుత్తాధిపత్యాన్ని, 1863లో పొగాకు గుత్తాధిపత్యాన్ని రద్దుచేశాడు. 1865 నాటి పట్టం ప్రకటన సర్కారు భూముల రైతులకు ఆ భూములపై యాజమాన్య హక్కు ఇచ్చింది. అదే సంవత్సరం బ్రిటిష్ ఇండియా, కొచ్చిన్‌లతో కుదిరిన ఒప్పందం సరిహద్దు సుంకాల చిక్కును విప్పింది. తిరువనంతపురంలోని ఇంగ్లీషు పాఠశాల 1866లో కళాశాల అయింది. 1869లో పూర్తయిన హుజూర్ కచేరీ భవనమే తరువాత కేరళ ప్రభుత్వ సచివాలయమైంది. ఆ భవనానికి ఎదురుగా మాధవరావు విగ్రహం ఉంది. నగరవాసులు ఆ కూడలిని ఇంగ్లీషులో ‘స్టాచ్యూ’ అనే పిలుస్తారు.

1872లో ఆయన స్థానంలోకి వచ్చినది సహాధ్యాయి శేషయ్యశాస్త్రి. 1880 నుంచి 1887 వరకు దివానుగా ఉండి భూముల సర్వే, సెటిల్‌మెంటు చేపట్టినది మరొక సహాధ్యాయి రామయ్యంగారు. ఒకే పాఠశాలలో, ఒకే గురువు వద్ద చదివిన ముగ్గురు ఒకే సంస్థానానికి దివాన్లు కావడం యాదృచ్ఛికం కాదు. ఒకరు నెగ్గుకురావడంతో మిగిలినవారిపై నమ్మకం కుదిరింది. మాధవరావు ఆ తరువాత ఇందూరుకు, 1875లో బరోడాకు వెళ్ళాడు. ఇందూరులో ఆయన తరువాత దివాను అయిన ఆర్. రఘునాథరావు కూడా మద్రాసులో చదివిన ఆయన బంధువే. శేషయ్యశాస్త్రి 1878లో పుదుక్కోట చేరి 1894 వరకు దివానుగా, దివాన్-రీజెంటుగా ఆ చిన్న సంస్థానాన్ని తీర్చిదిద్దాడు. పంటలో పాలు పంచుకునే అమానీ పద్ధతికి బదులు నగదు శిస్తు ప్రవేశపెట్టడం, 1888 నాటి ఇనాం సెటిల్‌మెంటు, చెరువుల బాగు, పట్టణ నిర్మాణం ఆయన కృషిలో ముఖ్యమైనవి. మచిలీపట్నం తాలూకాలో, ఇనాం కమిషన్‌లో గడించిన రెవెన్యూ అనుభవం అక్కడ ఫలించిందని భావించవచ్చు. తరువాతి తరంలో, ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి కె. శేషాద్రి అయ్యరు 1883 నుంచి 1901 వరకు మైసూరు దివానుగా ఈ ఒరవడినే కొనసాగించాడు.

మద్రాసు ప్రభుత్వం తహసీల్దారుగానో, శిరస్తాదారుగానో చూసిన వ్యక్తి సరిహద్దు దాటగానే లక్షలాది ప్రజల పాలనకు సమర్థుడయ్యాడు. సరిహద్దుకు ఇవతలా అవతలా మనిషి అతడే, చదువు అదే. లోపం ఎక్కడున్నదో ఈ ఒక్క దృష్టాంతమే తేటతెల్లం చేస్తుంది. ఆంగ్ల రాజకీయవేత్త హెన్రీ ఫాసెట్ మాధవరావును ఫ్రాన్సు ఆర్థిక సంస్కర్త ట్యూర్గోతో పోల్చి ప్రశంసించాడు. అంతటి ప్రశంస పొందిన వ్యక్తికి బ్రిటిష్ ఇండియాలో ఒక్క జిల్లా అప్పగించే వీలు లేకపోయింది.

న్యాయశాఖలో తలుపు కొంత ముందుగా తెరుచుకుంది. పేద కుటుంబంలో పుట్టి, ఒక తహసీల్దారు ఆదరణతో మద్రాసు చేరి, 1854లో ఎల్ఫిన్‌స్టన్ బహుమతి గెలిచిన టి. ముత్తుస్వామి అయ్యరు మునసబుగా, డిప్యూటీ కలెక్టరుగా, సబ్ జడ్జిగా మెట్లెక్కి, 1878 నాటికి మద్రాసు హైకోర్టు న్యాయపీఠంపై కూర్చున్న తొలి భారతీయుడయ్యాడు. ఈ నియామకాన్ని ఆంగ్లో-ఇండియన్ పత్రికలు ఎద్దేవా చేశాయి. వాటికి జవాబు చెప్పడానికి మద్రాసులో ఆరుగురు యువకులు 1878 సెప్టెంబరు 20న ఒక వారపత్రిక ప్రారంభించారు. అదే ‘ది హిందూ’. ఒక విద్యార్థి ఉన్నతపదవికి చేరడం ఒక పత్రిక పుట్టుకకే కారణమైందంటే, నాడు అటువంటి గమ్యం ఎంత అరుదో ఊహించవచ్చు.

పట్టికలో లేని పేర్లు

ఈ విజయగాథను ఇంతటితో ముగిస్తే చరిత్రకు న్యాయం చేసినట్లు కాదు. ప్రావీణ్య పట్టికలోని పేర్లు చదివితే, అవి అత్యధికంగా బ్రాహ్మణ కుటుంబాలవని కనబడుతుంది. కచేరీలతో తరాల సంబంధం, పట్టణంలో ఉండి చదివే స్తోమత, అక్షరజ్ఞానం వారికి ముందే ఉన్నాయి. రైతులు, చేతివృత్తులవారు, అస్పృశ్యులుగా చూడబడినవారు ఆ పట్టికలో దాదాపు లేరు. బాలికల మాట చెప్పనక్కరలేదు. బయటి తలుపు మూసి ఉన్నదని బాధపడినవారి వెనుక, బడి గుమ్మం కూడా చూడని జనసమూహం ఉన్నది.

దివాన్ల సంస్కరణలకూ ఈ హద్దు ఉన్నది. 1859లో తిరువాన్కూరు ప్రకటన నాడార్ స్త్రీలకు పైవస్త్రం ధరించే హక్కును అంగీకరించింది. అయితే అగ్రవర్ణ స్త్రీలు ధరించే రీతిలో ధరించరాదన్న నిబంధనను వదులుకోలేదు. గుత్తాధిపత్యాలను తొలగించినంత సులువుగా కులనియమాలను కదిలించడానికి ఆ ప్రభుత్వం సిద్ధపడలేదు.

అదే సమయంలో విద్య నాటిన బీజం ఎక్కడ మొలకెత్తుతుందో ముందుగా చెప్పలేమనడానికీ ఈ చరిత్రలోనే నిదర్శనం ఉంది. బరోడాలో మాధవరావు పర్యవేక్షణలో పెరిగిన బాలుడు మూడవ శాయాజీరావు గైక్వాడ్. రాజధర్మంపై 1881లో ఆ యువరాజుకు చేసిన ప్రసంగాలు ‘మైనర్ హింట్స్’ పేరిట గ్రంథమయ్యాయి. ఆ శాయాజీరావే 1906లో బరోడా అంతటా నిర్బంధ ప్రాథమిక విద్యను అమలుచేశాడు. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి భీమరావ్ అంబేడ్కర్‌కు ఉపకారవేతనం ఇచ్చినది ఆయన సంస్థానమే.

విజ్ఞానశాస్త్రం ఏమైంది?

మరొక నష్టం అంతగా ఎవరి దృష్టికీ రాలేదు. పావెల్ గణితజ్ఞుడు, ఖగోళ పరిశీలకుడు. ఆయన ఉత్తమ శిష్యులు దివాన్లు, న్యాయమూర్తులు అయ్యారు. ఖగోళశాస్త్రజ్ఞుడు ఒక్కడూ కాలేదు. ఆ రంగంలో పేరు తెచ్చుకున్న మద్రాసు వ్యక్తి చింతామణి రఘునాథాచారి. ఆయన ఏ పట్టమూ లేకుండా చిన్నతనంలోనే మద్రాసు నక్షత్రశాలలో దిగువ స్థాయి ఉద్యోగిగా చేరి, పనిలోనే శాస్త్రం నేర్చి, 1867లో ‘ఆర్ రెటిక్యులి’ అనే చరనక్షత్రాన్ని కనుగొన్నాడు. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1874 నాటి శుక్రగ్రహ సంక్రమణాన్ని సామాన్యులకు వివరించే పుస్తకాన్ని దేశభాషలలోకి తెచ్చాడు. విద్వత్తు ఉన్నవారికి ప్రయోగశాల దక్కలేదు. ప్రయోగశాలలో ఉన్నవాడు విద్వత్తును తానే సంపాదించుకోవలసివచ్చింది.

అరవై ఏళ్ళు గడిచినా పరిస్థితి పెద్దగా మారలేదు. విశాఖపట్నంలో తండ్రి అధ్యాపకుడుగా ఉన్న కాలంలో అక్కడ చదువుకున్న సి.వి. రామన్, 1904లో ప్రెసిడెన్సీ కళాశాల నుంచి బి.ఏ.లో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యాడు. 1907లో ఎం.ఏ. పూర్తిచేశాడు. ఆరోగ్యం అనుకూలించదని వైద్యుడు చెప్పడంతో ఇంగ్లాండు వెళ్ళలేదు. దేశంలో భౌతికశాస్త్ర పరిశోధన జీవనోపాధి కాదు. ఆయన ఆర్థిక సర్వీసు పరీక్షలో ప్రథముడుగా నెగ్గి కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. 1847లో మాధవరావు చేరినదీ, 1907లో రామన్ చేరినదీ ఒకే శాఖ. భేదం హోదాలో మాత్రమే. మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన విజ్ఞాన పరిశోధనా సంఘం కలకత్తాలో ఉండటం వల్ల కచేరీ వేళలకు ముందూ వెనుకా రామన్ పరిశోధన కొనసాగింది. 1917లో తక్కువ జీతానికి పాలిత్ ఆచార్య పదవి స్వీకరించేదాకా పదేళ్ళు ఆయన ఆర్థికశాఖ ఉద్యోగే. ఆయన అన్నకుమారుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ అదే కళాశాలలో చదివి, 1930లో ప్రభుత్వ ఉపకారవేతనంతో కేంబ్రిడ్జికి వెళ్ళాడు. ఆయన శాస్త్రజీవితమంతా విదేశాలలోనే గడిచింది. 1930లో పినతండ్రికి, 1983లో ఆయనకు నోబెల్ బహుమతులు లభించాయి. మాధవరావు తరంవారు సంస్థానాల సరిహద్దు దాటారు, చంద్రశేఖర్ తరంవారు సముద్రం దాటారు.

ముగింపు

1887లో భారత జాతీయ కాంగ్రెసు మూడవ మహాసభ మద్రాసులో జరిగింది. ఆహ్వానసంఘాధ్యక్షుడుగా ప్రతినిధులకు స్వాగతం పలికినవాడు రాజా సర్ టి. మాధవరావు. సివిల్ సర్వీసు పరీక్షను ఇంగ్లాండుతోపాటు భారతదేశంలోనూ ఏకకాలంలో నిర్వహించాలన్నది కాంగ్రెసు తొలినాటి నుంచీ కోరుతున్న విషయం. మూడు సంస్థానాలను పాలించి విశ్రాంతి తీసుకుంటున్న ఆ వృద్ధుడు, తన యౌవనంలో తనకు మూసి ఉన్న తలుపు తెరవమని అడిగే సభకు ఆతిథ్యమిచ్చాడు. 1891లో ఆయన మరణించాడు. ఆ పరీక్ష భారతదేశంలో జరగడం 1922లో గాని మొదలుకాలేదు. అంటే ప్రావీణ్య పట్టం పుచ్చుకుని ఆయన పాఠశాల వీడిన 76 ఏళ్ళకు.

నేడు ఫలితాలు వెలువడగానే ప్రథమ ర్యాంకుల వారి ఛాయాచిత్రాలు పత్రికలకెక్కుతాయి. ఏ పాఠశాల ఎందరిని అగ్రస్థానంలో నిలిపిందో లెక్కలు వెలువడతాయి. పది, ఇరవై సంవత్సరాల తరువాత వారు ఎక్కడున్నారో, వారు ఇష్టపడి నేర్చిన విద్యకు పని దొరికిందో లేదో చెప్పే పట్టికలు అరుదు. పావెల్ శిష్యుల చరిత్ర అటువంటి పట్టిక అవసరాన్ని గుర్తుచేస్తుంది. ఉపాధ్యాయుడు శిష్యుణ్ణి గడప వరకు తీసుకురాగలడు. గడప అవతల ఏ దారులుండాలన్నది పరిపాలకులు, శాసనకర్తలు, ఆయా సంస్థలను నడిపేవారు నిర్ణయిస్తారు. మన్రో 1824లో రాసిన మాట ప్రభుత్వ కార్యాలయాలలో కూర్చున్న మనవంటి వారిని ఉద్దేశించినదే. పట్టికలో మొదటి పేరు ఎవరిదన్న ప్రశ్నతోపాటు, ఆ మొదటి పేరుగలవాడికి మనం ఏ తలుపు తెరిచి ఉంచామన్న ప్రశ్న, అసలు పట్టికలోకే రాలేకపోయినవారెవరన్న ప్రశ్న కూడా వేసుకున్ననాడే విద్యాసంస్థ చరిత్ర సంపూర్ణమవుతుంది.